అక్షరం సీసా మీద పడాలి, చేతి మీద కాదు

(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం వంటింటి గాజు సీసాల మీద క్రీముతో డిజైన్లు వెయ్యడం. దీన్ని ఎచింగ్ క్రీము అంటారు. నెల మీటింగుల్లో ఈ మధ్య ఎక్కువమంది అడిగే పని ఇదే. ఫోన్‌లో వీడియో చూస్తారు. ఒకామె సీసాకు స్టిక్కరు అంటిస్తది, తెల్ల క్రీము పూస్తది, కాసేపాగి కడుగుతది. స్టిక్కరు లాగితే గాజు మీద మంచు పట్టినట్టు తెల్లటి పువ్వు పడి ఉంటది. సబ్బుతో తోమినా పోదు, పీచుతో రుద్దినా పోదు. "అక్కా, ఇంట్లో కూర్చుని చేసుకునే పనేగా, మనకు చేతకాదా?" అని అడుగుతున్నారు.

చేతనైతది. చేత్తో ముగ్గు వేసేవాళ్లకు ఇది కష్టమైన పని కాదు. కానీ రెండు నిమిషాల వీడియోలో రెండు సంగతులు కనపడవు. ఒకటి, ఆ క్రీములో ఏముందో. రెండు, సీసా అమ్మినాక చేతిలో మిగిలేదెంతో. ఈ రెండూ మీ ముందు పెట్టి, ఈ పనిని మనం ఎట్లా మొదలుపెట్టాలో చెప్పి కూర్చుంటాను.

ఈ పని మనకెందుకు నప్పుతది

మన దగ్గర సీసాలో పోసి అమ్మే సరుకు తక్కువేం లేదు. అడవి తేనె ఉంది. మామిడి తొక్కు, చింతకాయ తొక్కు ఉన్నాయి. ఇప్పపువ్వు లడ్డు చేసేవాళ్లున్నారు. ఖమ్మం మిర్చి అంటే మార్కెట్ యార్డుకు ఎక్కడెక్కడి వ్యాపారులో వస్తారు, ఆ మిర్చితో పట్టించిన కారం మన ఇళ్లలోనే ఉంది. భద్రాచలంలో శ్రీరామనవమికి, ముక్కోటికి వచ్చే జనాన్ని మీరంతా చూసినవాళ్లే. రాముడి దర్శనం చేసుకుని పర్ణశాల దాకా పోయివచ్చే మనిషి ఇంటికి ఏదో ఒకటి కొనుక్కుని పోవాలనుకుంటడు. ఆ చేతిలో మన సీసా ఎందుకు ఉండకూడదు?

కాగితం లేబులు సంగతి మీకు తెలుసు. తొక్కు సీసాకు నూనె కారితే రెండో వారానికే లేబులు ఊడిపోతది. సీసా ఖాళీ అయినాక మన పేరు ఆ ఇంట్లో ఉండదు. గాజులోకి దిగిన అక్షరం అట్లా పోదు. తేనె అయిపోయినాక ఆ సీసాలో జీలకర్ర పోసుకున్నా, మన సంఘం పేరు వాళ్ల పొయ్యిగట్టు మీద ఏళ్లపాటు నిలబడి ఉంటది.

పేరుకు ఎంత బలముందో మన కళ్ల ముందే ఉంది. మన భద్రాచలం ఆడవాళ్లు చిరుధాన్యాలతో బిస్కెట్లు చేసి "భద్రాద్రి మిల్లెట్ మ్యాజిక్" అని పేరు పెట్టుకున్నారు. 2025 జూన్‌లో ప్రధానమంత్రి మన్ కీ బాత్‌లో ఆ పేరెత్తి చెప్పారు. జొన్నలు, కొర్రలు మనకు కొత్త కాదు. వాటికి ఒక పేరు పెట్టి, ఆ పేరు నిలబెట్టుకోవడం కొత్త.

ఇంకొక అవకాశం కూడా ఉంది. పోపు సామాన్ల సీసాల సెట్టు. ఉప్పు, కారం, పసుపు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియాలు అని తెలుగులో రాసి ఉన్న సెట్టు. ఊరు విడిచి పట్నంలో ఉన్నవాళ్లకు, దేశం దాటి పోయినవాళ్లకు ఆ అక్షరాలు చూస్తేనే అమ్మ వంటిల్లు గుర్తొస్తది. గృహప్రవేశానికి, పెళ్లికి ఇచ్చుకునే వస్తువు అవుతది.

క్రీములో ఏముంది

గాజు మామూలు వస్తువు కాదు. దాన్ని ఇసుక కరిగించి చేస్తారు. నిమ్మరసం పోసినా, చింతపండు పులుసు పోసినా, మన ఇళ్లలో బాత్రూము కడిగే యాసిడ్ పోసినా గాజుకు ఏమీ కాదు. అందుకే యాసిడ్లను కూడా గాజు సీసాల్లోనే దాస్తారు. అటువంటి గాజును కూడా తినగలిగేది ఒకటుంది. అది ఫ్లోరైడ్ యాసిడ్. ఎచింగ్ క్రీములో ఉండేది ఆ జాతి లవణాలే. అమ్మోనియం బైఫ్లోరైడ్, సోడియం బైఫ్లోరైడ్ అని డబ్బా మీద రాసి ఉంటది. తడిలో అవి ఫ్లోరైడ్ యాసిడ్‌గా పనిచేసి గాజు పైపొరను సన్నగా కొరుకుతాయి. ఆ గరుకే మనకు తెల్లగా కనపడే పువ్వు.

ఫ్లోరైడ్ అన్న మాట మన తెలంగాణలో ఎవరికీ కొత్త కాదు. నల్గొండ వైపు చుట్టరికాలున్నవాళ్లు ఇక్కడ చాలామంది ఉన్నారు. పళ్లు గారపట్టిన పిల్లల్ని, నడుము వంగిపోయి కాళ్లు వంకర తిరిగిన మనుషుల్ని చూసినవాళ్లున్నారు. తాగే లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన దేశంలో లెక్క పెట్టారు. అంత సన్నపు కొలత అది. అది దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే ఎముకల్లో చేరి మనిషిని వంచేస్తది. మరి క్రీములో ఉండే ఫ్లోరైడ్ ఆ నీళ్ల లెక్కకు వేల రెట్లు ఎక్కువ.

ఒకసారి క్రీము తగిలితే నల్గొండ జబ్బు వస్తదని కాదు నేను చెప్పేది. అది వేరు, ఇది వేరు. కానీ రెండింటి స్వభావం ఒకటే. ఫ్లోరైడ్‌కు మన ఒంట్లోని కాల్షియం అంటే ఆకలి. మామూలు యాసిడ్ పైన చర్మాన్ని కాల్చి ఆగుతది. ఇది చర్మం దాటి లోపలికి దిగి కాల్షియాన్ని పట్టుకుంటది. ఇంకొక మోసం ఉంది, ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి. పలచగా ఉన్నది చేతికి తగిలితే అప్పుడే మండదు. ఎర్రగా కూడా కాకపోవచ్చు. "ఏం కాలేదులే" అని చెయ్యి తుడుచుకుని వంట చేసుకుంటాం. కొన్ని గంటలకు, ఒక్కోసారి రాత్రి గడిచినాక, లోపల్నుంచి ఎముక సలిపినట్టు నొప్పి లేస్తది. అప్పటికి పొద్దున క్రీము ముట్టుకున్న సంగతి మనకే గుర్తుండదు. డాక్టరుకు చెప్పం. ఆయన మామూలు కాలిన గాయం అనుకుంటాడు.

అందుకే వీడియోలో ఉత్త చేతులతో క్రీము పూసే ఆమెను చూసి మనం నేర్చుకోకూడదు.

చేతులు, కళ్లు, పిల్లలు

మొదటిది చేతి తొడుగులు. సర్జరీకి వాడే పలచటి తొడుగు గోరు తగిలితే చిరిగిపోతది. గిన్నెలు తోమడానికి అమ్మే మందపాటి పొడవు రబ్బరు తొడుగులు కావాలి. వేసుకునే ముందు అందులో నీళ్లు నింపి వేళ్ల చివర్లు నొక్కి చూడండి. ఎక్కడ బొట్టు కారినా పారెయ్యండి. చిల్లు పడిన తొడుగు అసలు లేనిదానికంటే చెడ్డది, క్రీము లోపలికి పోయి అక్కడే ఉండిపోతది.

ఇక్కడ మన గాజుల సంగతి చెప్పాలి. క్రీముకు సీసా గాజు, చేతి గాజు అన్న తేడా తెలవదు. గాజుల మీద పడితే వాటి మెరుపు పోతది. అంతకంటే ముఖ్యం, గాజుల కింద, ఉంగరం కింద క్రీము చిక్కుకుంటే కడిగినా పోదు. గాజులు తియ్యమని నేను మీకు చెప్పను. మన ఇళ్లలో ఆ మాటకు ఇంకో అర్థం ఉంది, పెద్దవాళ్లు ఒప్పుకోరు. గాజుల్ని మోచేతి వైపు తోసుకోండి, పైనుంచి నిండు చేతుల పాత చొక్కా వేసుకోండి, చొక్కా చేతుల మీదుగా పొడవు తొడుగు రావాలి. ఉంగరం మాత్రం తీసి కొంగున కట్టుకోండి.

రెండోది కళ్లు. చుక్క ఎగిరినా కంటికి ప్రమాదం. వెల్డింగు సామాన్లు అమ్మే షాపులో పక్కలు కూడా మూసి ఉండే ప్లాస్టిక్ కళ్లద్దాలు దొరుకుతాయి. మూడోది గాలి. తలుపులు మూసిన గదిలో, పొయ్యి పక్కన, అన్నం గిన్నె పక్కన ఈ పని వద్దు. ఆరుబయట నీడలో, గాలి వచ్చే చోట చెయ్యాలి. ఆయాసం ఉన్నవాళ్లు, కడుపుతో ఉన్నవాళ్లు క్రీము పనికి దూరంగా ఉండాలి. వాళ్లకు వేరే పని ఉంది, చెప్తాను.

నాలుగోది పిల్లలు. క్రీము పెరుగులాగా తెల్లగా, చిక్కగా ఉంటది. పిల్లవాడికి అది వెన్నలాగా కనపడుతది. వచ్చిన ప్లాస్టిక్ డబ్బాలోనే ఉంచాలి. వంటింటి గిన్నెలోకి, తినే డబ్బాలోకి ఎప్పుడూ మార్చకూడదు. తాళం పడే పెట్టెలో పెట్టాలి. తాళంచెవి ఒకరి దగ్గరే ఉండాలి.

ఇక పొరపాటున పడితే ఏం చెయ్యాలి. వెంటనే తొడుగు, తడిసిన బట్ట తీసేసి, పారే నీళ్ల కింద కనీసం 15 నిమిషాలు కడగాలి. కంట్లో పడితే రెప్పలు తెరిచి పట్టుకుని అంతసేపూ కడగాలి. పసుపు పెట్టడం, పేస్టు రాయడం, సిరా పొయ్యడం లాంటివి ఏవీ వద్దు. నొప్పి లేకపోయినా ఆసుపత్రికి పోవాలి. 108కి ఫోన్ చెయ్యండి. క్రీము డబ్బా ఒక కవరులో పెట్టి వెంట తీసుకుపోయి డాక్టరుకు చూపించి "ఫ్లోరైడ్ యాసిడ్ క్రీము తగిలింది" అని ఆ మాటే చెప్పండి. దీనికి వాడే మందు కాల్షియం గ్లూకోనేట్ జెల్. ఫ్లోరైడ్ ఒంట్లో కాల్షియం కోసం వెతుకుతది కాబట్టి పైనుంచే కాల్షియం అందించే మందు అది. అన్ని మందుల షాపుల్లోనూ ఉండదు. పని మొదలుపెట్టే ముందే తెప్పించి దగ్గర ఉంచుకోవాలి. మింగితే వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకండి, క్షణం ఆలస్యం లేకుండా ఆసుపత్రికి తీసుకుపోండి.

15 నిమిషాలు పారే నీళ్లు అన్నాను కదా. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. పంపు నిమిషానికి 8 లీటర్లు పోస్తే 15 నిమిషాలకు 120 లీటర్లు. 15 లీటర్ల బిందెలైతే 8 బిందెలు. మన గూడేల్లో బోరింగు దగ్గర నుంచి ఇంటికి బిందె మోసుకొచ్చే అక్కలు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చెయ్యి మీద క్రీము పడినప్పుడు ఇంట్లో 8 బిందెల నీళ్లు ఎవరికి సిద్ధంగా ఉంటాయి? దీన్ని బట్టే నేను చెప్పదలుచుకున్న అసలు మాట తేలుతది. వంటింటి సీసాకు చేసే పనే అయినా, ఇది వంటింట్లో చేసే పని కాదు. పంపు లేని ఇంట్లో క్రీము పని అసలే వద్దు.

పని చేసే తీరు

ముందు సీసాను సబ్బుతో కడిగి, ఆరబెట్టి, డిజైను వేసే చోట స్పిరిట్ దూదితో తుడవాలి. ఆ తర్వాత అక్కడ వేలు పెట్టకూడదు. వేలి జిడ్డు ఉన్నచోట క్రీము పట్టదు, మచ్చ మిగులుతది.

తర్వాత స్టెన్సిల్. అంటే డిజైను కత్తిరించిన స్టిక్కరు. మన బండ్ల మీద పేర్లు అంటించే రేడియం షాపుల్లో కంప్యూటరు మీద అక్షరాలు కోసే మిషను ఉంటది. సంఘం పేరు, సామాను పేర్లు ఒకేసారి ఎక్కువ సంఖ్యలో కోయించుకుంటే తక్కువ పడుతది. పువ్వులు, ఆకులు, ముగ్గులకైతే వెనక గమ్ము ఉండే షీటు కొని బ్లేడుతో మనమే కోసుకోవచ్చు. తునికాకును, ఇప్పాకును షీటు మీద పెట్టి పెన్సిలుతో చుట్టూ గీస్తే చాలు, మన అడవే డిజైను అవుతది. ఒక్క మాట. కోయ పెద్దలు కొలుపులో వాడే బొమ్మలు, వేల్పుల గుర్తులు మాత్రం అమ్మకం సీసాల మీద వెయ్యొద్దు. అవి ఆ ఇంటిపేరు వాళ్లవి, పూజకు సంబంధించినవి. చుక్కలు, గీతలు, ఆకులు మనకు చాలు.

తెలుగు అక్షరాలకు ఒక చిక్కుంది. మన అక్షరాలు గుండ్రటివి. "కారం" అని కోస్తే చివరి సున్నకు మధ్యలో చిన్న గుండ్రటి ముక్క మిగులుతది. "ర"కూ అట్లాగే. ఆ ముక్క ఊడిపోతే సున్న కాస్తా తెల్ల మచ్చ అయిపోతది. అందుకని కోసిన స్టిక్కరు మీద పలచటి టేపు అంటించి, అక్షరాలు, మధ్య ముక్కలు అన్నీ కదలకుండా ఒకేసారి ఎత్తి సీసా మీద పెట్టాలి. టేపు మెల్లగా లాగాలి. తర్వాత మెత్తని గుడ్డతో ప్రతి అంచునూ గట్టిగా నొక్కాలి. అంచు కింద గాలి ఉంటే క్రీము పాకి అక్షరం చెదురుతది. అక్షరం మరీ సన్నగా ఉంటే ఒత్తులు కలిసిపోతాయి, కాబట్టి వేలెడు ఎత్తయినా పెట్టండి.

ఇక క్రీము. చుట్టూ కనీసం రెండు వేళ్ల మేర స్టిక్కరు ఉండాలి, లేకపోతే క్రీము జారి కావలసినచోటు కాకుండా పక్కన గీత పడుతది. ప్లాస్టిక్ పిడి బ్రష్‌తో మందంగా పెట్టాలి. రంగు వేసినట్టు పలచగా రాస్తే చారలు వస్తాయి. ఎంతసేపు ఉంచాలన్నది డబ్బా మీద రాసినదే లెక్క. కొన్ని రకాలకు ఒక్క నిమిషం చాలు, కొన్నింటికి 10, 15 నిమిషాలు పడుతది. ఎక్కువసేపు ఉంచితే ఎక్కువ తెల్లన అవుతదని అనుకోవద్దు. చలికాలం పొద్దున క్రీము చల్లబడి పని మందగిస్తది, ఎండ వచ్చినాక మొదలుపెట్టండి. పెద్ద చోటంతా తెల్లగా చెయ్యాలని చూడకండి. క్రీముతో పెద్ద చోటు ఎప్పుడూ సమానంగా రాదు. అక్షరాలు, చిన్న పువ్వులు, సన్నటి తీగలు బాగా వస్తాయి.

కడిగేటప్పుడు చాలామంది కంగారుపడే సంగతొకటి ఉంది. తడి మీద డిజైను కనపడదు. పని చెడిందనుకుని మళ్లీ క్రీము పూస్తారు. తొందరపడొద్దు. గాజు గరుకులో నీళ్లు నిలిస్తే తెలుపు మాయమవుతది, ఆరినాక మళ్లీ వస్తది. గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి అప్పుడు చూడండి.

కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తున్నామన్నది కూడా పనిలో భాగమే. బోరింగు దగ్గర, పశువులు తాగే తొట్టి దగ్గర, చెరువులో పొయ్యకూడదు. మొదట కడిగిన నీళ్లను ప్లాస్టిక్ బకెట్లో పట్టి అందులో సున్నం కలపాలి. సున్నంలో కాల్షియం ఉంది. ఫ్లోరైడ్ దాన్ని పట్టుకుని కరగని పొడిగా అడుగున దిగుతది. కలిపేటప్పుడు ఘాటు వాసన వస్తది కాబట్టి ఆరుబయటే, ముఖం దూరంగా పెట్టి, కళ్లద్దాలు, తొడుగులతోనే కలపండి. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి పటిక, సున్నం కలిపే పద్ధతికి నాగపూర్‌లోని నీరి సంస్థ వాళ్లు నల్గొండ పద్ధతి అనే పేరు పెట్టారు. తొడుగులు తియ్యకముందే బ్రష్, బల్ల, తొడుగుల బయటివైపు అన్నీ కడిగేసుకోవాలి.

ఏ సీసాలు పనికొస్తాయి, ఏవి రావు

ప్లాస్టిక్ మీద ఈ క్రీము పనిచెయ్యదు. మంట మీద పెట్టినా పగలని గట్టి గాజు గిన్నెల మీద సరిగా పట్టదు. జాము, కాఫీ, తొక్కు సీసాల్లాంటి మామూలు గాజు మంచిది. పక్కలు చదునుగా ఉన్న సీసా అయితే స్టిక్కరు ముడత పడదు.

పురుగుమందు సీసాలు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. మనది పత్తి, మిర్చి పండే ప్రాంతం. చేలల్లో, గట్ల మీద ఆ సీసాలు పడి ఉంటాయి, ఊరికే వచ్చాయని ఏరుకొచ్చే వాళ్లుంటారు. ఎన్నిసార్లు కడిగినా, ఎంత అందంగా డిజైను వేసినా దాంట్లో తినే వస్తువు పొయ్యకూడదు. ఎక్కడిదో తెలియని సీసా ఏదైనా సరే పక్కన పెట్టెయ్యండి. తినే సరుకు అమ్మకానికైతే కొత్త సీసాలే కొనాలి.

క్రీము ఎప్పుడూ సీసా బయటే. లోపల చుక్క కూడా పడకూడదు. మూతి అంచు నుంచి రెండు వేళ్ల కిందికి ఉండాలి, పెదవి తగిలే గ్లాసుకైతే ఇంకా కిందికి. మూత బిగించి పని చేస్తే లోపలికి పోదు. అయినాక లోపలా బయటా సబ్బుతో రెండుసార్లు కడిగి ఎండబెట్టాలి. వంటింట్లో తడి చేత్తో పట్టుకునేచోట డిజైను వద్దు. ఆ గరుకులో పసుపు, నూనె మరక పట్టి తెలుపు చెడుతది.

ఇంకో మాట. సరుకు పోసి అమ్మే సీసాకు బరువు, చేసిన తేదీ, ఎన్నాళ్లు వాడొచ్చు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు లాంటివి ఉండాలి. ఇవి ప్రతి తడవా మారేవి, గాజులో చెక్కితే మార్చలేం. అందుకని చెరగని పేరు గాజు మీద, మారే వివరాలు కాగితం లేబులు మీద.

మిగిలేదెంత

ఇది ఉదాహరణ లెక్క మాత్రమే, మీ ఊరి ధరలు పెట్టి మీరు మళ్లీ వేసుకోవాలి. ఇద్దరు అక్కలు ఒక రోజులో 30 సీసాలు చేశారనుకుందాం. సీసా 25 రూపాయలు, స్టిక్కరు 6, క్రీము 5, తొడుగులు, స్పిరిట్, సున్నం అన్నీ కలిపి 4. ఒక సీసాకు 40 రూపాయలు. 30 సీసాలకు 1,200. చాలామంది ఇక్కడితో లెక్క ఆపి, "60కి అమ్మితే 20 మిగిలింది" అంటారు.

కూలి ఎక్కడ పోయింది? 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఇద్దరికి 614. అది కలిపితే 1,814. అందులో రెండు సీసాలు పగిలినా, డిజైను చెదిరినా మిగిలేవి 28. 1,814ను 28తో భాగిస్తే ఒక్కో సీసా మనకు పడింది దాదాపు 65 రూపాయలు. ఇంకా బస్సు ఛార్జీ, ప్యాకింగు, బ్యాంకు లింకేజీ వడ్డీ కలపలేదు. 60కి అమ్మిన సీసా మీద మనం 5 రూపాయలు పోగొట్టుకున్నామన్న మాట. మన చెయ్యి చేసిన పనికి ధర కట్టకపోతే ఎవరో వచ్చి కట్టరు.

అందుకని ఖాళీ సీసాను అందంగా చేసి అమ్మడం కంటే, మన సరుకు నింపిన సీసాను అమ్మడం మేలు. లేకపోతే ఏడు సీసాల సెట్టుగా, ముందే ఆర్డరు తీసుకుని చెయ్యడం మేలు. ఎవరు కొంటారో తెలియకుండా వంద సీసాలు చేసి అటక మీద పెట్టుకుంటే అప్పు కిస్తీ ఆగదు. ముందు పది చెయ్యండి. మండలంలో జరిగే స్టాళ్లలో పెట్టండి. ఏది పోయింది, ఏది మిగిలింది, ఎవరు ఏమన్నారో పుస్తకంలో రాయండి. రెండో తడవ దాన్ని బట్టి చెయ్యండి.

మనం ఏం తీర్మానించుకోవాలి

నా ప్రతిపాదన ఇది. పనిని రెండుగా విడదీద్దాం. డిజైను గీయడం, స్టిక్కరు కొయ్యడం, సీసా కడగడం, అంటించడం, ఆరిన సీసాలు తుడిచి ప్యాకింగు చెయ్యడం, ఆర్డర్ల లెక్క రాయడం ఇవన్నీ ఇంట్లో చేసుకునేవి. చంటిపిల్లల తల్లులు, కడుపుతో ఉన్నవాళ్లు, ఆయాసం ఉన్నవాళ్లు, నడవలేని పెద్దమ్మలు కూడా చేసి కూలి తెచ్చుకోవచ్చు. క్రీము పూయడం, కడగడం మాత్రం ఒక్కచోటే. గ్రామ సంఘం భవనం వెనకో, మండల సమాఖ్య ఆవరణలోనో, పంపు, నీడ, గాలి మూడూ ఉన్న చోట. ఆ పనికి నేర్చుకున్న నలుగురే కూర్చోవాలి. ఒక్కరు ఒంటరిగా చెయ్యకూడదు, పక్కన ఇంకొకరు ఉండాల్సిందే. తొడుగులు, కళ్లద్దాలు, జెల్, సున్నం కొనడానికి అయ్యే ఖర్చు సభ్యురాలి జేబులోది కాదు, పని ఖర్చులో మొదటి పద్దుగా రాయాలి. ఆ పద్దు లేని ప్రతిపాదనకు సంఘం అప్పు ఇవ్వకూడదు.

పంపు లేని ఊరి సంఘాలు క్రీము జోలికి పోకుండా వేరే పద్ధతిలో సీసాలు అందంగా చెయ్యొచ్చు. గాజు మీద వేసే రంగులు దొరుకుతాయి. గాజును గీసే మొన ఉన్న కలాలు దొరుకుతాయి, అయితే గాజు పొడి ఎగరకుండా తడి గుడ్డ వేసి, ముక్కుకు గుడ్డ కట్టుకుని గీయాలి. జనపనార తాడు చుట్టి ఆకు అంటించినా బాగుంటది. క్రీము లేదని పని లేదనుకోవద్దు.

ఇంట్లో బాగా వెడల్పున్న పెరడు, పంపు ఉండి, పిల్లలు పెద్దవాళ్లయి, సొంతంగా చెయ్యాలనుకునే అక్కలు కొందరుంటారు. వాళ్లను ఆపే హక్కు నాకు లేదు. కానీ ముందు వచ్చి సమాఖ్య దగ్గర నలుగురితో కలిసి కనీసం రెండు మూడు రోజులు చేసి, ఆ తర్వాతే ఇంట్లో మొదలుపెట్టమని అడుగుతున్నాను.

అక్కలారా, మన చేతులు ఇప్పటికే చాలా చూశాయి. మిర్చి కోతలో మండాయి, పత్తి తీతలో గీరుకున్నాయి, తునికాకు కోసి కట్టలు కట్టినాయి. ఆ పనుల్లో వచ్చిన గాయాలకు ఎవరూ లెక్క కట్టలేదు. ఈ పని మనం మనకోసం కొత్తగా మొదలుపెడుతున్నది. కాబట్టి మొదటి రోజు నుంచే చేతికి లెక్క కడదాం. సీసా మీద పడిన గుర్తు చెరగదు, అదే దాని గొప్ప. చేతి మీద పడింది కూడా అంత తేలికగా పోదు, అదే దాని ప్రమాదం.

నేర్చుకోవాలనుకునేవాళ్లు మీ గ్రామ సంఘం వచ్చే నెల మీటింగులో పేరు చెప్పి తీర్మానం పుస్తకంలో రాయించండి. ఊళ్లో పంపు ఉందో లేదో, భవనం వెనక నీడ ఉందో లేదో కూడా పక్కనే రాయించండి. ఆ రెండు వివరాలు చూసి ఏ ఊళ్లో మొదలుపెట్టాలో మనమంతా కలిసి తేల్చుకుందాం.